మొహమాటస్తుల చేతిలో వాట్సాప్: సెట్టింగులన్నీ తిప్పి చూస్తే

వాట్సాప్‌కి రివ్యూ ఏమిటి, అందరి ఫోన్లలో ఉన్నదేగా అంటారేమో. స్పీడు, స్టోరేజీ, కాల్ క్వాలిటీ గొడవలు ఇక్కడ లేవు. ఒకే ఒక్క కొలబద్ద పెట్టుకుని చూద్దాం: ఎవరు ఏమడిగినా కాదనలేనివాళ్లకి, ఎవరైనా కాస్త ముభావంగా ఉంటే ఆ రాత్రి నిద్రపట్టనివాళ్లకి ఈ యాప్ మేలు చేస్తుందా, ఇంకాస్త ముంచుతుందా? మొహమాటం మనకి కొత్త జబ్బేం కాదు. మొహమాటానికి పోతే ఏమవుతుందో చెప్పే సామెత అందరికీ తెలిసిందే, ఇక్కడ రాసేలా ఉండదు. కాకపోతే ఒకప్పుడు మొహమాటపడాలంటే ఎదురుగా ఒక మొహం ఉండాలి. ఇప్పుడు రెండు నీలం టిక్కులు చాలు.

ముందే తేల్చేస్తాను. ఇందుకు పనికొచ్చే సెట్టింగులు రెండు రకాలు. చప్పుడు తగ్గించేవి కొన్ని: మ్యూట్, ఆర్కైవ్, ఎవరు పడితే వాళ్లు గ్రూపుల్లోకి లాగకుండా ఆపేది. మనిషిని కనపడకుండా చేసేవి కొన్ని: లాస్ట్ సీన్ దాచడం, ఆన్‌లైన్ దాచడం, చదివి చదవనట్టు ఉండడం. జనం ముందు వెతుక్కునేవి ఈ రెండో రకం. అసలు పని జరిగేది మొదటి రకంతో. పాము చావకూడదు, కర్ర విరగకూడదు అన్న పద్ధతిలో దాక్కుంటే, కాదని చెప్పే పని అలాగే మిగిలిపోతుంది. పైగా దొరికిపోతానేమో అన్న బెంగ కొత్తగా తోడవుతుంది.

మెనూ పేర్లు ఇంగ్లిష్ మెనూలో ఎలా ఉంటే అలా రాస్తున్నాను, ఎక్కువ ఫోన్లలో ఉండేది అదే కాబట్టి. ఆండ్రాయిడ్‌లో పైన కుడిపక్క మూడు చుక్కలు నొక్కితే సెట్టింగ్స్ వస్తుంది. వెర్షన్‌ని బట్టి కాస్త అటూ ఇటూగా ఉండొచ్చు.

నీలం టిక్కులు 2014 నవంబరులో వచ్చాయి. వచ్చిన కొద్దిరోజులకే వాటిని ఆపుకునే వీలు కూడా ఇవ్వాల్సొచ్చింది. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అందులో రీడ్ రిసీట్స్. ఆపేస్తే మీరు చదివినట్టు అవతలివాళ్లకి తెలీదు, వాళ్లు చదివినట్టు మీకూ తెలీదు. ఇక్కడ బోల్తాపడే చోట్లు చాలా ఉన్నాయి. గ్రూపుల్లో ఇది పనిచెయ్యదు. గ్రూపులో మెసేజ్ పెట్టినవాళ్లు దాన్ని నొక్కిపట్టి ఇన్ఫో చూస్తే ఎవరెవరు చదివారో పేర్లతో సహా ఉంటుంది. వాయిస్ మెసేజ్‌కీ పనిచెయ్యదు: ప్లే చెయ్యగానే పంపినవాళ్ల దగ్గర మైకు గుర్తు నీలంగా మారిపోతుంది. మన ఇళ్లలో టైపు చెయ్యడం ఓపిక లేక వాయిస్ పెట్టేది ఎవరు? మేనత్తలు, పెదనాన్నలు. అంటే ఎవరి దగ్గర దాక్కోవాలని ఆపారో సరిగ్గా వాళ్ల దగ్గరే దొరికిపోతారు. చదివేశాక 'మార్క్ యాజ్ అన్‌రెడ్' కొడితే నీలం పోతుందని కొందరి నమ్మకం. పోదు. అది మీ స్క్రీన్ మీద పచ్చచుక్క పెట్టుకోవడానికే, అవతల పడ్డ టిక్కు పడ్డట్టే.

పైగా ఆపడమే ఒక వార్త అవుతుంది. నిన్నటిదాకా నీలం పడినవి ఇవాళ బూడిదరంగులో ఆగిపోతే "ఏంటే, బ్లూ టిక్కులు తీసేశావా?" అని పెద్దమ్మ అడక్క మానదు. దానికి జవాబు సిద్ధంగా ఉంచుకోవాలి: "అవును పెద్దమ్మా, అందరికీ తీసేశాను." అందరికీ అన్న మాట తప్పకుండా ఉండాలి. అది నిజం కూడా. ఒక్కరికి మాత్రం తీసేసే వీలు యాప్‌లో లేదు.

ఇన్ని లోపాలున్నా దీన్ని ఆపెయ్యమనే చెప్తాను, కారణం వేరే. వాళ్లవి మనకి కనపడకుండా పోతాయి చూడండి, లాభమంతా అక్కడుంది. మెసేజ్ పెట్టి, నీలం పడిందా లేదా అని మళ్లీ తెరిచి, పడ్డాక 'చదివి కూడా జవాబివ్వలేదే, ఏమన్నా తప్పుగా రాశానా' అని రాసిందే పదిసార్లు చదువుకుని, చివరికి ఒక నవ్వుబొమ్మ అదనంగా పంపడం. మొహమాటంలో సగం ఇదే. నువ్వు దాచుకుంటే నీకూ చూపించం అని యాప్ ఒక శిక్షలా పెట్టింది. మనకి కావాల్సిన మందు ఆ శిక్షే.

ఇదే సెట్టింగుతో స్టేటస్ సంగతి కూడా తీరిపోతుంది. రీడ్ రిసీట్స్ ఆపితే మీ స్టేటస్ ఎవరు చూశారన్న పట్టిక కనపడదు, మీరు చూసినట్టు వాళ్లకీ కనపడదు. పిల్లాడి మార్కుల ఫోటో పెట్టి, తోడికోడలు చూసిందా లేదా అని 24 గంటలు కాపలా కాసేవాళ్లకి ఈ ఒక్క లాభం చాలు.

లాస్ట్ సీన్ దగ్గర మాత్రం తొందరపడొద్దు. ప్రైవసీలో 'లాస్ట్ సీన్ అండ్ ఆన్‌లైన్' అని ఉంటుంది. నాలుగు ఎంపికలు: ఎవ్రీవన్, మై కాంటాక్ట్స్, మై కాంటాక్ట్స్ ఎక్సెప్ట్, నోబడీ. కింద ఆన్‌లైన్‌కి రెండే: ఎవ్రీవన్, లేదా సేమ్ యాజ్ లాస్ట్ సీన్. 2022 దాకా ఆన్‌లైన్ దాచే వీలే లేదు, ఇప్పుడుంది. చిక్కేమిటంటే 'ఎక్సెప్ట్'లో ఒకరిద్దరి పేర్లు పెట్టడం. వాళ్లు ఇంకెవరి పక్కనో కూర్చుని ఫోన్లు చూసుకుంటే, ఒకరికి కనపడి ఇంకొకరికి కనపడదు, లేని తగాదా మొదలవుతుంది. పెడితే అందరికీ నోబడీ పెట్టండి, లేకపోతే వదిలెయ్యండి.

ఇన్ని దాచినా 'టైపింగ్' అన్నది దాగదు. మీతో చాట్‌లో ఉన్నవాళ్లకి మీరు టైపు చేస్తుంటే కనపడుతుంది. కాదని చెప్పాల్సిన మెసేజ్‌కి ఇది పెద్ద ఇబ్బంది. రాసి, చెరిపి, మళ్లీ రాసి, పావుగంట టైపింగ్ టైపింగ్ అని చూపించి, తీరా "సరేలే అన్నయ్యా, చూద్దాం" అని పంపితే అవతలివాడికి మొత్తం అర్థమైపోతుంది. ఇంకొంచెం గట్టిగా అడిగితే పని అయిపోతుందని. దీనికి మందు కూడా యాప్‌లోనే ఉంది. 2022 చివర్లో మనకి మనమే మెసేజ్ పెట్టుకునే వీలు వచ్చింది. కొత్త చాట్ నొక్కితే కాంటాక్టుల్లో పైనే మీ పేరు, పక్కన 'యు' అని ఉంటుంది. కాదనే మాట అక్కడ రాసుకోండి, ఒకసారి పైకి చదవండి, కాపీ చేసి అసలు చాట్‌లో పేస్ట్ చేసి పంపండి. అవతల టైపింగ్ కనపడేది ఉంటే ఒక్క క్షణం.

ఇక గ్రూపులు. ఈ యాప్ మొహమాటస్తులకి చేసిన అన్యాయమంతా ఇక్కడే ఉంది, న్యాయమూ ఇక్కడే ఉంది. మామూలుగా సెట్టింగ్ ఎవ్రీవన్ అని ఉంటుంది, అంటే మీ నంబరు ఉన్న ఎవరైనా సరే మిమ్మల్ని అడక్కుండా గ్రూపులో వేసెయ్యొచ్చు. ప్రైవసీలో గ్రూప్స్ తెరిచి 'మై కాంటాక్ట్స్ ఎక్సెప్ట్' ఎంచుకుని, అందులో పైన ఉండే గుర్తుతో అందర్నీ ఒకేసారి సెలెక్ట్ చేసి సేవ్ చెయ్యండి. ఇకనుంచి ఎవరూ నేరుగా వెయ్యలేరు, విడిగా ఒక ఇన్విటేషన్ పంపుకోవాలి. దానికి 3 రోజులు గడువు. ఏమీ చెయ్యకుండా ఊరుకుంటే అదే చెల్లిపోతుంది. ఒకసారి గ్రూపులో పడ్డాక బయటికి రావడానికి ఎంత మథనపడతారో తెలిసినవాళ్లకి ఈ ఒక్క నిమిషం పని విలువ అర్థమవుతుంది.

బయటికి రావడం గురించి. 2022 ఆగస్టు నుంచి గ్రూపు వదిలితే అందరికీ 'ఫలానావారు వెళ్లిపోయారు' అన్న వరుస పడదు, అడ్మిన్లకి మాత్రమే తెలుస్తుంది. చప్పుడు లేకుండా రావచ్చని అప్పట్లో చాలామంది సంతోషించారు. కానీ బంధువుల గ్రూపుకి అడ్మిన్ ఎవరై ఉంటారు? గ్రూపు పెట్టిందే నొచ్చుకునే మనిషి. అదీకాక గ్రూపు ఇన్ఫోలో కిందికి వెళితే గత 60 రోజుల్లో వెళ్లిపోయినవాళ్ల పట్టిక ఎవరైనా చూడొచ్చు. ఇంకో సంగతి, మీరే ఏకైక అడ్మిన్ అయి ఉండి వెళ్లిపోతే ఇంకెవరో ఒకరు అడ్మిన్ అయిపోతారు. వాళ్లు మర్నాడు ఫోన్ చేసి "నన్నెందుకు పెట్టావు" అంటారు. ముందే ఒకరిని అడిగి పెట్టి రండి.

కాబట్టి ఏ గ్రూపు వదలాలి, ఏది ఉంచాలి అన్నదానికి నా లెక్క ఇది. పెళ్లి అయిపోయి, వాళ్లకి పిల్లాడు పుట్టి, వాడి అన్నప్రాశన కూడా అయ్యాక ఇంకా నడుస్తున్న పెళ్లిపనుల గ్రూపు నుంచి నిక్షేపంగా వచ్చెయ్యండి. ఎన్నికలప్పుడు కొట్టుకుని ఇప్పుడు గుడ్ మార్నింగులు మాత్రమే మిగిలిన పదో తరగతి బ్యాచ్ గ్రూపు నుంచి కూడా. రక్తసంబంధీకుల గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, పిల్లల క్లాసు గ్రూపు మాత్రం వదలొద్దు. మ్యూట్‌లో ఆల్వేస్ పెట్టి, ఆర్కైవ్‌లోకి నెట్టండి. ఆండ్రాయిడ్‌లో చాట్‌ని నొక్కిపడితే పైన కిందిబాణం ఉన్న పెట్టె గుర్తు వస్తుంది, అదే ఆర్కైవ్. సెట్టింగ్స్, చాట్స్‌లోకి వెళ్లి 'కీప్ చాట్స్ ఆర్కైవ్డ్' ఆన్‌లో ఉందో లేదో తప్పక చూసుకోండి. అది ఆఫ్‌లో ఉంటే కొత్త మెసేజ్ రాగానే చాట్ మళ్లీ పైకి తేలుతుంది. 2021కి ముందు ఎప్పుడూ అలాగే తేలేది, అందుకే ఆర్కైవ్ పనికిరాదన్న అభిప్రాయం ఇప్పటికీ కొందరిలో ఉండిపోయింది.

'ఆర్కైవ్ చేస్తే నాతో నిజంగా అవసరం పడితే ఎలా' అన్న సందేహానికి జవాబు ఉంది. ఎవరైనా మీ పేరు ట్యాగ్ చేసినా, మీ మెసేజ్‌కే రిప్లై ఇచ్చినా నోటిఫికేషన్ వస్తుంది. మ్యూట్ చేసిన సంగతి గానీ ఆర్కైవ్ చేసిన సంగతి గానీ అవతల ఎవరికీ తెలీదు. వాట్సాప్‌లో పూర్తిగా నమ్మదగ్గ సెట్టింగులు ఈ రెండే.

క్లాసు గ్రూపులో ఒక ప్రత్యేకమైన ఉచ్చు ఉంటుంది. "టీచర్స్ డేకి డబ్బులు ఎవరైనా కలెక్ట్ చేస్తారా?" అని ఒకరు పెడతారు. ముప్పై మంది చదువుతారు, ఎవరూ పలకరు. ఆ నిశ్శబ్దం భరించలేక "నేను చేస్తాలెండి" అని పడేది ఎప్పుడూ ఒకే మనిషి. ఆ ఖాళీని నింపాల్సిన బాధ్యత మీకెవరూ ఇవ్వలేదు. గ్రూపుని 8 గంటలు మ్యూట్ చెయ్యండి. సాయంత్రానికి ఎవరో ఒకరు ఒప్పుకుని ఉంటారు, లేదా టీచర్‌కి ఆ ఏడాది పువ్వులిచ్చి సరిపెడతారు. ఇలాంటి చోట బొటనవేలి గుర్తు కూడా పెట్టొద్దు. 'చదివాను' అని మీరనుకుని పెడతారు, 'ఒప్పుకున్నారు' అని వాళ్లు రాసుకుంటారు.

ఇంతవరకూ చప్పుడు తగ్గించుకోవడం. యాప్ చెయ్యలేనిది కాదని టైపు చెయ్యడం. దాని కష్టమేంటో ఒక్క ఉదాహరణ దగ్గరగా చూద్దాం. చిట్టీ పాట పాడుకున్నాక డబ్బు చేతికి రావాలంటే జీతం సర్టిఫికెట్ ఉన్న షూరిటీలు కావాలంటారు. అందుకే నెలజీతం వచ్చే ప్రతివాళ్లకీ, ముఖ్యంగా గవర్నమెంటు ఉద్యోగం వాళ్లకీ, ఎవరో ఒక అన్నయ్య నుంచి ఈ మెసేజ్ వచ్చే ఉంటుంది: "ఒక సంతకం పెట్టాలిరా, ఫార్మాలిటీ అంతే." ఫార్మాలిటీ కాదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 128వ సెక్షన్ ప్రకారం, వేరేగా రాసుకుంటే తప్ప, షూరిటీ బాధ్యత అసలు బాకీదారు బాధ్యతతో సమానం. ఆయన కట్టకపోతే మీ దగ్గరికే వస్తారు.

మొహమాటస్తుడి జవాబు ఇలా ఉంటుంది: "అన్నయ్యా, ఈ నెల కొంచెం టైట్‌గా ఉంది, మా ఆఫీసులో సర్టిఫికెట్ కూడా లేటు చేస్తున్నారు, వచ్చే నెల చూద్దాం." ఇందులో మూడు కన్నాలున్నాయి. 'ఈ నెల' అన్నారు కాబట్టి వచ్చే నెల ఒకటో తారీఖున మళ్లీ మెసేజ్ వస్తుంది. ఆఫీసు మీద నెట్టారు, ఆ ఆఫీసులో వాళ్ల బావమరిది క్లాస్‌మేట్ ఒకడుంటాడు, సర్టిఫికెట్ వాడే ఇప్పించేస్తాడు. ఇక 'చూద్దాం'. చెప్పేవాడి మనసులో అది కాదనడం, వినేవాడి చెవిలో అవుననడం. కనుక్కుని చెప్తాను, ట్రై చేస్తాను, వీలైతే వస్తాం, ఇవన్నీ దాని అన్నదమ్ములే.

పనిచేసే జవాబు రెండే వాక్యాలు: "అన్నయ్యా, షూరిటీ సంతకాలు నేను ఎవ్వరికీ పెట్టను. నువ్వు వేరేవాళ్లని చూసుకోవడానికి టైముండాలని ఇప్పుడే చెప్తున్నాను." మొదటి వాక్యంలో కాదన్నది ఉంది, అది ఆయన ఒక్కడి గురించి కాదన్నదీ ఉంది. రెండోది ఆయన మేలుకోరే మాట, అబద్ధం కాదు. కారణం లేదు, క్షమాపణ లేదు, నమస్కారం బొమ్మలు నాలుగు వరసగా లేవు. "వేరే ఏ సాయమైనా అడుగు" అని చివర్లో తగిలించాలని చెయ్యి లాగుతుంది. తగిలించొద్దు. అయిదు నిమిషాల్లో ఆ వేరే సాయం రూపాయల్లో అడుగుతారు.

తర్వాత "నీ మీదే ఆశ పెట్టుకున్నా", "చిన్నప్పుడు నిన్ను సైకిల్ మీద బడికి తీసుకెళ్లింది ఎవర్రా" వస్తాయి. పాడిందే పాటరా పాచిపళ్ల దాసరీ అని వెక్కిరిస్తాం గానీ ఇక్కడ కావాల్సింది ఆ దాసరే. మొదటి వాక్యాన్నే ఇంకోసారి పంపండి: "నిజమే అన్నయ్యా. సంతకాలు మాత్రం ఎవ్వరికీ పెట్టట్లేదు." కొత్త కారణం చెప్పిన ప్రతిసారీ దానికి ఒక పరిష్కారం పట్టుకుని వస్తారు, దాంతో మీ దగ్గర కారణాలు అయిపోతాయి. కారణం ఇవ్వకపోతే పరిష్కరించడానికి ఏమీ ఉండదు.

వెంటనే జవాబు తోచకపోతే గడువు పెట్టండి, కానీ గంటతో సహా: "రేపు సాయంత్రం 6కి చెప్తాను." ఆరింటికి చెప్పి తీరాలి. అది తప్పితే 6:05కి ఫోన్ మోగుతుంది, ఆలస్యం చేశానన్న తప్పు మన నెత్తిన పడుతుంది, ఆ తప్పు దిద్దుకోవడానికి సరే అనేస్తారు. అడిగిన పనులు మెడకి చుట్టుకునేది ఎక్కువగా ఈ దారిలోనే.

పంపేశాక మొదటి పావుగంట ప్రమాదం. 2023 నుంచి పంపిన మెసేజ్‌ని 15 నిమిషాల్లోపు ఎడిట్ చెయ్యొచ్చు, పక్కన ఎడిటెడ్ అని పడుతుంది. డిలీట్ ఫర్ ఎవ్రీవన్‌కైతే రెండు రోజుల పైచిలుకు టైముంది, దాని చోట మెసేజ్ తీసేసినట్టు ఒక గుర్తు మిగులుతుంది. ఈ రెండూ మొహమాటస్తుల చేతికి ఇవ్వాల్సినవి కావు. 'పెట్టను' అన్నదాన్ని 'పెట్టలేనేమో' అని దిద్దడానికే ఎడిట్ వాడతారు. తీసేసిన మెసేజ్ గుర్తు ఇంకా ఘోరం, "ఏం రాసి తీసేశావురా?" అని అదే ఒక పంచాయితీ. కాబట్టి పంపగానే ఆ చాట్‌ని 8 గంటలు మ్యూట్ చేసి, ఆర్కైవ్ చేసి, ఫోన్ బోర్లా పెట్టండి. మర్నాడు పొద్దున్న ఒకసారి చూడండి. మామూలు ఫోన్ కాల్‌ని ఈ మ్యూట్ ఆపదు. చేస్తే ఎత్తండి, పాట అదే.

కాదన్నది వాయిస్ మెసేజ్‌లో మాత్రం పంపొద్దు. టైపు చేస్తే రెండు వాక్యాల్లో ముగిసేది వాయిస్‌లో రెండు నిమిషాలు సాగుతుంది, గొంతు బతిమాలుతున్నట్టు ఉంటుంది, పైగా వదినకి, అత్తయ్యకి ఫార్వర్డ్ అవుతుంది.

శుభకార్యాలకి ఈ యాప్ అసలు చాలదు. కార్డు ఫోటో గ్రూపులో పెట్టి పిలిచినవాళ్లకి "రాలేకపోతున్నాం, పిల్లలకి మా ఆశీస్సులు" అన్న మెసేజ్ సరిపోతుంది. ఇంటికొచ్చి బొట్టుపెట్టి పిలిచినవాళ్లకి ఫోన్ చెయ్యాలి, అదీ పెళ్లికి ముందే. "తప్పకుండా వస్తాం" అని తలూపి, ముహూర్తం రోజున ఫోన్ ఆపేసుకుని కూర్చోవడం కంటే వారం ముందు చెప్పిన రాలేమన్న మాటకి మర్యాద ఎక్కువ. వాళ్లకి భోజనాల లెక్కయినా తేలుతుంది.

ఇంటి దగ్గర పచ్చళ్లు పెట్టి అమ్మేవాళ్లు, జాకెట్లు కుట్టేవాళ్లు, ట్యూషన్లు చెప్పేవాళ్లు మాత్రం మామూలు వాట్సాప్ వదిలి బిజినెస్ యాప్‌కి మారడం మంచిది. ఇది 2018లో వచ్చింది, ఉచితమే. వరలక్ష్మీ వ్రతానికి నాలుగు రోజుల ముందు రాత్రి పదిన్నరకి "అక్కా, శుక్రవారానికి బ్లౌజు కావాలి, మీరైతేనే బాగా కుడతారు" అని వస్తుంది. ఆ చివరి ముక్కకి పడిపోయే తెల్లవారుజాము దాకా మిషను తొక్కేది. బిజినెస్ టూల్స్‌లో 'అవే మెసేజ్' (Away message) అని ఉంటుంది, అంటే మనం లేని వేళల్లో యాప్ తనంతట తాను పంపే జవాబు. షెడ్యూల్‌లో 'అవుట్‌సైడ్ ఆఫ్ బిజినెస్ అవర్స్' ఎంచుకుని ఇలాంటిదొకటి రాసి పెట్టండి: "షాపు టైము ఉదయం 10 నుంచి రాత్రి 7. బ్లౌజుకి 8 రోజులు పడుతుంది. అర్జెంటు కుట్లు తీసుకోవడం లేదు." అదే మాట మనిషి చెప్తే బతిమాలతారు, యాప్ చెప్తే రూల్ అనుకుంటారు. ఎందుకో గానీ మన జనానికి బోర్డు మీద రాసి ఉన్నదానిపై గౌరవం ఎక్కువ.

దీంట్లో లోపం ఒకటుంది. ఫోన్‌కి నెట్ ఉంటేనే అవే మెసేజ్ వెళ్తుంది. రాత్రి డేటా ఆపి పడుకునే అలవాటున్నవాళ్లకి ఇది పనిచెయ్యనట్టే, సరిగ్గా అవసరమైన గంటల్లోనే మూగబోతుంది. డేటా ఉంచి ఫోన్‌ని సైలెంట్‌లో పెట్టుకోవాలి. ఇంకొకటి, ఒకే నంబరు మీద రెండు యాప్‌లూ నడవవు. రెండో సిమ్ నంబరు బిజినెస్‌కి ఇచ్చి, కస్టమర్లకి అదే చెప్పడం ఉత్తమం. లేకపోతే మీ మరదలికి కూడా షాపు టైములు వెళ్తాయి. క్విక్ రిప్లైస్ కూడా వాడుకోండి. 50 దాకా దాచుకోవచ్చు, చాట్‌లో స్లాష్ కొడితే వరుసగా వస్తాయి. 'అప్పు లేదు', 'బేరం లేదు', 'ముందు సగం అడ్వాన్సు' అన్న మూడూ చల్లటి బుర్రతో ఆదివారం మధ్యాహ్నం రాసిపెట్టుకుంటే, మొహమాటం పొంగే వేళకి కొత్తగా మాటలు వెతుక్కునే పనుండదు.

బ్లాక్ గురించి రెండు మాటలు చాలు. లోన్ ఏజెంట్లకి, గొలుసుకట్టు స్కీముల వాళ్లకి మొహమాటం లేకుండా వాడండి, చేసినట్టు వాళ్లకి నోటీసు వెళ్లదు. బంధువులకి వాడొద్దు. ఒక్క టిక్కు దగ్గర ఆగిపోయిన మెసేజ్‌ని వాళ్లు ఎవరికో చూపిస్తారు, పైగా ఉమ్మడి గ్రూపుల్లో ఒకరి మెసేజ్‌లు ఒకరికి కనపడుతూనే ఉంటాయి. తెలియని నంబర్ల నుంచి వచ్చే వాట్సాప్ కాల్స్‌కి ప్రైవసీలో, కాల్స్ కింద 'సైలెన్స్ అన్‌నోన్ కాలర్స్' ఉంది. మోగకుండా కాల్ లిస్టులో మాత్రం పడుతుంది.

ఒకళ్లు పరుషంగా మాట్లాడితే రోజుల తరబడి తిండి సయించక, నిద్రపట్టక, గుండెదడ వచ్చే స్థితి ఉంటే ఇది సెట్టింగులతో తీరేది కాదు. కేంద్రప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416, ఉచితం, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇక స్టార్లు. మ్యూట్, ఆర్కైవ్ జంటకి అయిదుకి అయిదు. గ్రూప్స్ సెట్టింగ్‌కి నాలుగు, ఎవ్రీవన్ అని పెట్టి ఇచ్చినందుకు ఒకటి కోత. రీడ్ రిసీట్స్ ఆపడానికి మూడున్నర, అదీ అవతలి నీలం మనకి కనపడకుండా చేసినందుకు. బిజినెస్ యాప్ అవే మెసేజ్‌కి నాలుగు. అది మామూలు వాట్సాప్‌లో లేకపోవడం ఈ యాప్‌లో పెద్ద వెలితి. లాస్ట్ సీన్ దాచడానికి రెండు, ఎడిట్‌కి ఒకటి. వాయిస్ విన్నట్టు చెప్పే నీలం మైకుకి సున్నా. దాన్ని ఆపే మీట ఎక్కడా లేదు, మేనత్త వాయిస్ వచ్చిందంటే విని, జవాబు చెప్పాల్సిందే.